ఎండాకాలంలో మిద్దె తోట: రెండు పూటలా నీళ్ళు పోస్తున్నా మొక్కలు ఎందుకు వాలిపోతున్నాయి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: హైదరాబాద్‌లో మిద్దె మీద నలభై దాకా గ్రో బ్యాగులు (మొక్కలు పెంచే సంచులు), కుండీలు ఉన్నాయి. ఆఫీసుకు వెళ్ళే ముందు ఎనిమిదిన్నరకు, మళ్ళీ సాయంత్రం ఐదింటికి ట్యాంకు నీళ్ళే పైపుతో పోస్తున్నారు. అయినా మధ్యాహ్నానికి ఆకులు వేలాడుతున్నాయి, టమాటా పూత మొత్తం రాలుతోంది, వంగ ఆకులు పాలిపోయి బూజు పట్టినట్టున్నాయి, మల్లె పూయడం లేదు. బలం కోసం యూరియా వేయాలా, కొమ్మలు కత్తిరించాలా అని అడిగారు. మే నెలాఖరులో వారం రోజులు ఊరెళ్ళాలి కూడా.

సూటిగా చెప్పాలంటే యూరియా వద్దు, కత్తెర వద్దు, ఇప్పుడు పోస్తున్నదానికంటే ఎక్కువ నీళ్ళూ వద్దు. మీ మొక్కలకు దాహం కంటే వేళ్ళ దగ్గర వేడి పెద్ద సమస్య. నీళ్ళు పోసే వేళ మార్చండి, మట్టిని కప్పండి, సంచుల పక్కలకు ఎండ తగలకుండా చూడండి, పైన 50 శాతం షేడ్ నెట్ (ఎండలో సగం ఆపే నీడ వల) కట్టండి. ఈ నాలుగూ అయ్యాకే మిగతా పనులు. ఒక్క మల్లెకు మాత్రం లెక్క వేరు, కింద చెప్తాను.

ముందు వాలడం ఏ రకమో చూడండి. మధ్యాహ్నం రెండింటికి బీర, సొర, వంగ ఆకులు వేలాడటం దానంతటదే జబ్బు కాదు. ఆకు నుంచి ఆవిరయ్యే నీటిని వేరు అంత వేగంగా అందించలేదు, అంతే. సాయంత్రం ఆరున్నర, ఏడుకల్లా లేచి నిలబడితే దాన్ని అలా వదిలేయండి. పొద్దున్న ఆరింటికి కూడా వాలి ఉంటే అప్పుడు వేలు పెట్టి చూడండి. రెండు అంగుళాల లోతున పొడిగా ఉంటే నీళ్ళు చాలలేదు. తడిగా ఉండి కూడా వాలిందంటే వేరు కుళ్ళు. ఆ మొక్కకు నీళ్ళు ఆపాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు: మధ్యాహ్నం వాలిన మొక్కను చూసి కంగారుపడి చెంబెడు పోస్తారు, వాలినప్పుడల్లా పోస్తారు, పది రోజుల్లో వేరు కుళ్ళుతుంది. అప్పుడు నిజంగానే వాలుతుంది.

కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఎక్కువ కలిపిన మట్టిలో ఇది ఇంకా మోసం చేస్తుంది. పైన అంగుళం గంటలో ఎండిపోయి తెల్లబడుతుంది, అడుగున మాత్రం బురదగా ఉంటుంది. పైకి చూసి నిర్ణయించకండి. చిన్న కుండీలైతే ఒక చేత్తో ఎత్తి బరువు చూడటం అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

నీళ్ళు ఎప్పుడు, ఎన్ని. సాయంత్రం ఐదింటికి మిద్దె మీది ట్యాంకు నీళ్ళలో చెయ్యి పెట్టి చూడండి. పగలంతా కాగిన నీళ్ళవి. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీళ్ళు అంతకంటే వేడి. మొదట వచ్చే ఆ రెండు మూడు లీటర్లు నేరుగా మొదలు మీద పడితే లేత వేళ్ళు ఉడుకుతాయి. అందుకని అసలు తడి పొద్దున్న ఐదున్నర నుంచి ఏడు లోపు ఇవ్వండి. ఆ వేళకు ట్యాంకూ చల్లబడి ఉంటుంది, స్లాబూ చల్లబడి ఉంటుంది. పైపులో నిలిచిన నీళ్ళను ముందు బకెట్‌లోకి వదిలేయండి.

12 అంగుళాల గ్రో బ్యాగులో సుమారు ఇరవై లీటర్ల మట్టి పడుతుంది. అందులో ఎదిగిన వంగ, బెండ మొక్కకు ఈ ఎండల్లో రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు కావాలి. పందిరెక్కిన బీర, సొర అయితే మూడు. సాయంత్రం పూట అన్నిటికీ అవసరం లేదు. చిన్న కుండీలు, ఆకుకూరల ట్రేలు, తీగజాతి వరకు ఆరున్నర దాటాక కొద్దిగా ఇస్తే చాలు. దానికి పొద్దున్నే ఒక డ్రమ్ము పట్టి నీడలో మూతపెట్టి ఉంచుకోండి.

పోసిన నీళ్ళు క్షణంలో అడుగు నుంచి కారిపోతుంటే సంతోషించకండి. మట్టి పూర్తిగా ఎండి, సంచి అంచు వదిలి లోపలికి ముడుచుకుంది. నీళ్ళు ఆ సందులోంచి జారిపోతున్నాయి, మట్టి ముద్ద నడుమ పొడిగానే ఉంది. కోకోపీట్ ఒకసారి ఎండిందంటే నీటిని పట్టదు. అలాంటి కుండీని నీళ్ళ టబ్బులో అరగంట దించి ఉంచండి, బుడగలు ఆగాక తీయండి. ఎత్తలేనంత బరువైతే అర లీటరు పోసి, పది నిమిషాలాగి మళ్ళీ అర లీటరు, ఇలా మూడు విడతలుగా. అంచుల సందును మట్టితో నొక్కి మూయండి.

మీ ట్యాంకులోవి బోరు నీళ్ళయితే ఇంకో సంగతి. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కడుతోందా? ఆకు కొసలు గోధుమ రంగులో మాడుతున్నాయా? నీరు ఆవిరై ఉప్పు మిగిలిపోవడం అది. రెండు వారాలకోసారి ఒక పొద్దున్న కుండీకి మామూలు కంటే నాలుగైదు రెట్లు నీళ్ళు నిదానంగా పోసి, అడుగు నుంచి ధారగా కారనివ్వండి. కింద సాసర్లు ఉంటే ఆ రోజు తీసేయండి, లేకపోతే కడిగిన ఉప్పునే మళ్ళీ పీల్చుకుంటుంది.

మట్టిని కప్పడం. ఎండాకాలం పనుల్లో ఖర్చు లేనిదీ, ఫలితం వెంటనే కనిపించేదీ ఇదొక్కటే. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, చెరకు పిప్పి ఏదైనా సరే, రెండు మూడు అంగుళాల మందాన పరవండి. అంగుళం కంటే తక్కువైతే ఉపయోగం ఉండదు. కాండం చుట్టూ రెండు అంగుళాలు ఖాళీ వదలండి, లేకపోతే అక్కడ తేమ నిలిచి మొదలు కుళ్ళుతుంది. కప్పే ముందు మట్టిని పూర్తిగా తడపాలి. పొడిమట్టి మీద కప్పితే పోసిన కాసిని నీళ్ళు గడ్డే తాగేస్తుంది. నేల మీద పాదులున్నవాళ్ళు గడ్డి కిందికి చెద వస్తుందేమో వారానికోసారి ఎత్తి చూసుకోవాలి. మిద్దె మీద ఆ బెడద అరుదు.

పచ్చి లాన్ గడ్డిని ముద్దగా వేయకండి, అది పులిసి వేడెక్కుతుంది. ఒక రోజు ఎండబెట్టి వేయండి.

సంచుల పక్కలు, అడుగు. నేలలో ఉన్న మొక్కకు పైనుంచే ఎండ. కుండీకి నాలుగు పక్కల నుంచీ, కింద స్లాబు నుంచీ వేడి. నల్ల కవర్లు, నల్ల ప్లాస్టిక్ కుండీలు మరీ కాలుతాయి. వాటిని తడిపిన గోనె సంచితో చుట్టండి, లేదా బయటివైపు సున్నం కొట్టండి. ప్రతి కుండీ కింద రెండు ఇటుకలు పెట్టి గాలి ఆడనివ్వండి. కుండీలను దూరదూరంగా కాకుండా దగ్గరగా గుంపులు చేయండి: పెద్దవి పడమటి వైపు, చిన్నవి వాటి చాటున. మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండే కుండీ పక్కలను కాలుస్తుంది, కాబట్టి ముందు ఆ వైపు అడ్డు చూడండి. ఖాళీ సంచుల్లో మట్టి నింపి అటు వరుస పెట్టినా అడ్డే.

ఇంకొక చిన్న మెలిక ఉంది. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తర్వాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం నుంచే పడుతుంది. డిసెంబరులో దక్షిణపు గోడ చాటున నీడ ఉందని అక్కడ చేర్చిన కుండీలకు మే నెలలో ఆ నీడ ఉండదు. ఒకసారి మధ్యాహ్నం పన్నెండింటికి పైకెళ్ళి నీడలు ఎక్కడ పడుతున్నాయో చూసి కుండీలు సర్దుకోండి.

షేడ్ నెట్. కాయగూరలకు 50 శాతం నెట్ తీసుకోండి. షాపువాళ్ళు 75 శాతం అంటగడతారు, అది నర్సరీ నారుకూ ఆకు మొక్కలకూ సరిపోతుంది గానీ దాని కింద బెండ, వంగ సన్నగా సాగిపోయి పూత ఇవ్వవు. ఎత్తు కనీసం ఏడడుగులు, ఎనిమిదైతే ఇంకా మంచిది. మొక్కల తలలకు ఆనేట్టు కడితే నెట్ కింద వేడి గాలి ఇరుక్కుంటుంది. పైన కప్పు, పడమటి వైపు కిందికి దించిన పరదా ఉంటే చాలు. తూర్పు, ఉత్తరం తెరిచి ఉంచండి, పొద్దుటి ఎండ కావాలి, గాలి ఆడాలి, తేనెటీగలు రావాలి.

స్తంభాల కోసం స్లాబుకు రంధ్రాలు వేయకండి, వానాకాలంలో కారుతుంది. ఖాళీ పెయింట్ బకెట్లలో పైపు నిలబెట్టి కాంక్రీటు పోసి, వాటిని పిట్టగోడకు కట్టేయండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలులు, వడగళ్ళు వస్తాయి. ఆ గాలికి నెట్ తెరచాపలా ఉబ్బి స్తంభాలతో సహా లేస్తుంది. నాలుగు వైపులా ఇనుప తీగతో బిగించకండి: మూడు వైపులా ప్లాస్టిక్ టైలు అడుగున్నరకొకటి, నాలుగో వైపు పురికొస. గట్టి గాలికి ముందు పురికొస తెగుతుంది, నెట్ ఒక పక్కకు పడిపోతుంది, స్తంభాలు నిలుస్తాయి.

నెట్ కిందికి చేర్చకూడనివి: మల్లె, నందివర్ధనం, కాగితపు పూలు, అడీనియం, ఎడారి మొక్కలు. వీటికి ఈ ఎండే కావాలి. గులాబీకి పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ.

టమాటా సంగతి. పగలు 35 డిగ్రీలు, రాత్రి 24 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి పనికిరాకుండా పోతుంది. హైదరాబాద్‌లో మే నెల సగటే పగలు 39 దగ్గర, రాత్రి 26 దగ్గర ఉంటుంది. పూత రాలడం మీ తప్పు కాదు, మట్టిలో లోపమూ కాదు. కొమ్మ తట్టి పరాగసంపర్కం చేసినా, పూత నిలిపే మందులు కొట్టినా ఇప్పుడు ప్రయోజనం తక్కువ. చెర్రీ టమాటా రకాలు ఇంకాస్త ఓర్చుకుంటాయి. మీ మొక్కలు చలికాలంలో నాటినవైతే పీకేసి ఆ సంచిని వేరే పనికి వాడండి. ఫిబ్రవరి తర్వాత నాటిన లేత మొక్కలైతే నెట్ కింద ప్రాణంతో ఉంచండి, వానలు మొదలై రాత్రులు చల్లబడ్డాక పూత నిలుస్తుంది.

నిలిచిన ఒకటీ అరా కాయలకు అడుగున నల్లగా కుంగినట్టు మచ్చ వస్తే, ఒక రోజు ఎండబెట్టి ఒక రోజు ముంచడం వల్ల మొక్కకు కాల్షియం అందక వచ్చేది అది. కాల్షియం కోసం గుడ్డు పెంకులు వేసినా అవి కరగడానికి నెలలు పడతాయి. రోజూ ఒకే కొలతలో నీళ్ళివ్వడమే మందు.

వంగ ఆకులు. మీరు రాసిన లక్షణం ఎర్రనల్లిదే కావచ్చు. ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టండి. మిరియపు పొడి లాంటి చుక్కలు రాలి నెమ్మదిగా కదిలితే అదే. వేడి, పొడి గాలి దానికి పండగ. రెండు మూడు రోజులకోసారి, పొద్దున్నే, ఆకు అడుగు భాగానికి తగిలేలా పైపుతో ధారగా నీళ్ళు కొట్టండి. సగం దానితోనే పోతుంది. మిగిలినదానికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ఒక మిల్లీలీటరు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సాయంత్రం ఆరు దాటాకే కొట్టండి. వారానికోసారి, మూడు సార్లు. ఎండలో నూనె పడితే ఆకు కాలిపోతుంది, చాలా "మందు వికటించింది" ఫిర్యాదులు ఇవే. ఎవరైనా గంధకం పొడి మందు కొట్టమంటే ఈ నెల వద్దనండి: 35 డిగ్రీలు దాటాక అదీ ఆకును కాలుస్తుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు అయితే మరీనూ.

మిరపలో ఆకు పైకి దొన్నెలా ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. మొదటిదానికి నీలం జిగురు అట్టలు, వేపనూనె. రెండోదానికి వంగకు చెప్పిందే. మందారం చిగుళ్ళలో తెల్లటి దూది ఉంటే పిండినల్లి, ఆ కొస తుంచి సబ్బునీళ్ళలో ముంచి పారేయండి. బెండ ఆకుల ఈనెలు పసుపు పచ్చగా మారితే అది తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, దానికి మందు లేదు. మొక్క పీకేయండి.

ఎరువు. వేడికి పెరుగుదల మందగించిన మొక్కకు యూరియా వేస్తే రెండు నష్టాలు: ఉప్పు సాంద్రత పెరిగి వేరు మాడుతుంది, లేదా లేత చిగురు తోసుకొచ్చి ఎండకు, నల్లికి బలవుతుంది. పచ్చి పేడ, కోళ్ళ ఎరువు కూడా వద్దు, కుండీలో అవి వేడి చేస్తాయి. కాపు మీదున్న బెండ, గోరుచిక్కుడు, తీగలకు నెలకోసారి రెండు గుప్పెళ్ళ వర్మీకంపోస్టు, లేదా రెండు వారాలకోసారి ఒక వంతు జీవామృతానికి (ఆవు పేడ, మూత్రం, బెల్లంతో పులియబెట్టే ద్రవ ఎరువు) పది వంతుల నీళ్ళు, అదీ తడి మట్టికి. కుండీ మార్చడం, వేళ్ళు కత్తిరించడం, గట్టి ప్రూనింగ్ అన్నీ వానలకు వాయిదా వేయండి. ఎండిన కొమ్మ, పండిపోయిన ఆకు తీయడం వరకు సరే. మాడినట్టు కనిపించే పై ఆకులను కూడా కోయకండి, కింది ఆకులకూ కాండానికీ అవే నీడ.

మల్లె. మల్లె కొత్త చిగురు కొసన పూస్తుంది. నవంబరు, డిసెంబరుల్లో నీళ్ళు తగ్గించి, ఆకు దూసి, అడుగున్నర ఎత్తుకు కత్తిరిస్తే మార్చి నుంచి మొగ్గ తొడుగుతుంది. మీరు అప్పుడు వదిలేశారు కాబట్టి పాత కొమ్మ మీద ఆకే పెరిగింది. ఇప్పుడు చేయగలిగింది ఇంతే: ఆరు గంటలకు తక్కువ కాకుండా నేరుగా ఎండ తగిలే చోటికి జరపండి, ప్రతి కొమ్మ కొసన నాలుగంగుళాలు మాత్రం తుంచండి, మట్టి మీద గుప్పెడు వేపపిండి, రెండు గుప్పెళ్ళ కంపోస్టు వేసి నీళ్ళివ్వండి. చిగుర్లు వచ్చి మొగ్గ పట్టడానికి నెల అటూఇటూ పడుతుంది, ఈ ఏడాదికి ఒక చిన్న విడత దొరకవచ్చు. పూత అయ్యాక కూడా వాడిన గుత్తి కింద రెండు ఆకుల దాకా తుంచుతూ ఉండండి.

ఇప్పుడు ఏం వేయవచ్చు? తోటకూర, గంగవాయల కూర, బచ్చలి, గోంగూర, బెండ, గోరుచిక్కుడు. కొత్తిమీర, పాలకూర ఇప్పుడు వేస్తే మొలక సరిగా రాదు, వచ్చినా వెంటనే పూతకొస్తుంది. పందిరి మీద ఇప్పటికే తీగలుంటే మగపూలే ఎక్కువ వస్తున్నాయని బెంగ పడకండి, వేడికి అది మామూలే. పిందె పసుపుబారి రాలుతుంటే చేత్తో పరాగం అద్దండి. వేళ తెలిసి చేయాలి: బీర, సొర, పొట్ల పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, దోస తెల్లవారుజామున. పొద్దున్న తొమ్మిదింటికి బీర పువ్వు పట్టుకుని తిప్పితే ఏమీ రాదు.

టమాటా పీకేసిన సంచుల మట్టిని ఊరికే ఉంచకండి. వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగు, తెగుళ్ళు, కలుపు గింజలు పోవడానికి మే ఎండకు మించింది లేదు. మట్టిని పిండితే ముద్దయ్యేంత తడిపి, పారదర్శక పాలిథీన్ కవర్లలో ఆరంగుళాల మందానికి మించకుండా నింపి, గాలి పోకుండా మూతి కట్టి, స్లాబు మీద ఎండలో నాలుగు నుంచి ఆరు వారాలు పరవండి. నల్ల కవర్ వాడితే ఆ కవరే వేడెక్కుతుంది, లోపలికి ఎండ చేరదు. పొడి మట్టికీ అంత ఫలితం ఉండదు. ఈ వేడికి మేలు చేసే సూక్ష్మజీవులూ పోతాయి కాబట్టి తిరిగి వాడేటప్పుడు మూడింట ఒక వంతు కంపోస్టు కలపండి. ఇప్పుడు మొదలుపెడితే మృగశిర కార్తెకు, అంటే జూన్ రెండో వారానికి, విత్తనాలు వేయడానికి మట్టి సిద్ధం.

ఊరెళ్ళే వారం. మీరు చెప్పిన తేదీలు సరిగ్గా రోహిణి కార్తెలో పడుతున్నాయి, కాబట్టి సీసా తిరగేసి గుచ్చే చిట్కాలను నమ్ముకోకండి, అవి చాలావరకు ఒక పూటలో ఖాళీ అవుతాయి. పక్కింటివాళ్ళను అడగగలిగితే అదే ఉత్తమం. కుండీకి ఎన్ని మగ్గులో సుద్దముక్కతో కుండీ మీదే రాసి పెట్టండి. లేదంటే డ్రిప్, టైమర్. గంటకు రెండు లీటర్ల డ్రిప్పర్లు కుండీకొకటి, పొద్దున్న ఐదున్నరకు నలభై ఐదు నిమిషాలు పెడితే ఒకటిన్నర లీటరు పడుతుంది. తీగలకు రెండేసి డ్రిప్పర్లు. ప్రయాణానికి కనీసం నాలుగు రోజుల ముందే బిగించి నడపండి, ఎందుకంటే బోరు నీళ్ళకు ఒకటో రెండో డ్రిప్పర్లు మూసుకుపోవడం ఖాయం, అవి ఏవో అప్పుడే తెలుస్తాయి. టైమర్‌కు కొత్త బ్యాటరీలు వేయండి. ట్యాంకు నింపే మోటారు ఎవరు వేస్తారో కూడా ముందే మాట్లాడుకోండి, డ్రిప్ అంతా బాగుండి ట్యాంకు ఖాళీ అయిన తోటలే ఎక్కువ. కోతకు వచ్చిన కాయలన్నీ వెళ్ళే ముందు రోజు కోసేయండి, ముదిరిన కాయ తీగ మీద ఉంటే కొత్త పిందె ఆగిపోతుంది.